గణికల చమత్కారాలూ మా అత్తయ్య జోకూ

అమెరికాలో, పిస్కాటవే అనే ఊళ్ళో ప్రాచీన గ్రీకు సాహిత్యం చదువుతున్నానంటే మావాళ్ళు ముందు వీసా గురించి అడుగుతారు, తర్వాత జాబ్ గురించి. అసలు అందులో ఏం చదువుతున్నావని అడిగేవాళ్ళు తక్కువ. మా ఆయనకి అదే నిశ్చింత. నా పరిశోధన గ్రీకు గణికల మీద మరి.

ఆ కాలంలో మగవాళ్ళు పానగోష్ఠి పెట్టుకుంటే ఇల్లాలు ఆ గదిలో అడుగుపెట్టకూడదు. పాటా పద్యం తెలిసిన గణిక మాత్రం దర్జాగా వాళ్ళ పక్కన కూర్చుని మాటకు మాట అప్పజెప్పేది. ఆమె అన్నదంటూ ఆ చమత్కారాలను మగవాళ్ళే పుస్తకాలకెక్కించారు. అవి నిజంగా ఆడవాళ్ళ మాటలేనా, మగవాళ్ళు కల్పించి వాళ్ళ నోట పెట్టారా? ఆ రాతగాళ్ళతో నా తగువంతా అదే.

ఇండియా నుంచి ఒక్కతే వచ్చిన అత్తయ్యకి మాత్రం మా ఆయన, "నీ కోడలు హిస్టరీ చదువుతోందమ్మా" అని చెప్పి ఊరుకున్నాడు. ఆవిడ ఆదివారం తెలుగు చర్చిలో ముందుండి ప్రార్థన చేయించే మనిషి. వచ్చే శుక్రవారం యూనివర్సిటీలో నా మొదటి ప్రసంగం ఉందని తెలిసి, వస్తానని పట్టుపట్టింది. నాకూ ఆవిడ రావాలనే ఉంది. మా అమ్మ లేదు. నా మనిషంటూ ఒకరు ముందు వరసలో కూర్చోవాలని ఎంత ఆశగా ఉందో చెప్పలేను. కానీ విషయం తెలిశాక ఆవిడ నన్నెలా చూస్తుందోనని భయం.

ఆ ముందు శనివారం మా ఇంట్లో పార్టీ. మగవాళ్ళు బేస్‌మెంట్‌లో గ్లాసులతో, ఆడవాళ్ళం పైన కిచెన్‌లో గరిటెలతో. ఈ రూలు ఎవరూ పెట్టలేదు, ఎవరూ మీరలేదు. ఆ గ్లాసుల్లో ఏముందో అత్తయ్యకి తెలియదని మా ఆయన నమ్మకం.

పకోడీలు వేస్తూ ఒక స్నేహితురాలు అడిగింది. "ఆంటీ, మీరూ అంకుల్ ఎప్పుడూ పోట్లాడుకోరా?"

"మొదట్లో రోజూ యుద్ధమే. ఆయనకి చెవుడొచ్చాక కాపురం కుదుటపడిందమ్మా. నేనేమన్నా తలూపేవారు. మావాడే చెడగొట్టాడు, చెవికి మెషిన్ కొనిచ్చి."

నవ్వలేక అందరం కౌంటర్ పట్టుకున్నాం. ఐస్ కోసం పైకి వచ్చిన మా ఆయన కూడా నవ్వుకుంటూ కిందికి వెళ్ళాడు.

కాసేపటికి నేనూ అత్తయ్యా పకోడీల పళ్ళెం తీసుకుని మెట్లు దిగుతున్నాం. సగంలో ఉండగా మా ఆయన గొంతు వినిపించింది.

"మా నాన్నకి చెవుడొచ్చాక ఇంట్లో ఫుల్ పీస్ బ్రో! నేనే మెషిన్ కొనిచ్చి స్పాయిల్ చేశా."

బేస్‌మెంట్ దద్దరిల్లింది. "నీలో ఇంత కామెడీ ఉందనుకోలేదు మామా!" అన్నారెవరో.

"ఏదో, అలా వచ్చేసింది" అన్నాడు మా ఆయన వినయంగా.

అత్తయ్య వెనక్కి తిరిగి మెట్లెక్కింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పళ్ళెంతో సహా ఆవిడ వెనకే వచ్చేశాను. మిగతావాళ్ళు హాల్లో పిల్లలకి పిజ్జా పెడుతున్నారు, కిచెన్‌లో మేమిద్దరమే.

"ఇదే అత్తయ్యా నేను చదివేది!" అని మొదలుపెట్టి పానగోష్ఠి, గణికలు, వాళ్ళ మాటలు మగవాళ్ళు రాసుకోవడం, అంతా ఒక్క ఊపిరిలో కక్కేశాను. అయ్యాక గాని ఏం చేశానో తెలిసిరాలేదు.

"అంటే వేశ్యల గురించా?"

"అవును."

ఆవిడ సింక్‌లో ఉన్న గిన్నె తీసి కడిగి బోర్లించింది.

"ఆ రాసినవాళ్ళు వాళ్ళ పేర్లు రాశారా?" అంది.

"రాశారు. ఫలానా ఆవిడ ఇలా అంది అని పేరుపేరునా రాశారు."

"నయమే. తాగినా పేరు మర్చిపోలేదు."

ఇన్నాళ్ళూ తగువు పడ్డ ఆ గ్రీకు మగవాళ్ళ మీద నాకు మొదటిసారి కాస్త అభిమానం కలిగింది. ఇంతలో పకోడీలు ఇంకా రాలేదేమని మా ఆయన పైకి వచ్చాడు.

"ఒరే, శుక్రవారం లీవ్ పెట్టు. మీ ఆవిడ ప్రసంగానికి వెళ్దాం" అంది అత్తయ్య.

ఆయన నావైపు బెదురుగా చూశాడు. "అమ్మా, అదేదో పాత గ్రీకు హిస్టరీ. నీకు బోర్ కొడుతుంది."

"గ్రీకూ లేదు, పాతా లేదు. అంతా నీ గురించే. నా పక్కన కూర్చుని విను."