ప్రాక్టీసు చేస్తున్నాను

మీరెవరో నాకు తెలీదు. అదే మంచిది. తెలిసినవాళ్ళకి చెప్పాల్సివస్తే ఇది ఈ జన్మకి నా నోటి నుంచి రాదు. మావారికి చెప్పలేదు, మా అక్కకి చెప్పలేదు. దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా ఈ ఒక్క సంగతి పక్కనపెట్టి మిగతావన్నీ చెప్పుకున్నాను, ఆయనకి తెలీదన్నట్టు! ఖతర్‌లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు జరగడానికి ముందు సంగతిది. కప్పు వచ్చింది, వెళ్ళింది, రోడ్ల మీద కట్టిన జెండాలు కూడా విప్పేశారు. నా గుండె మీద ఈ బరువు మాత్రం కదల్లేదు. చేసిందల్లా ఒక మాట అనడం. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. దాన్ని నమ్మి ఒక మనిషి తనకి దక్కాల్సిన న్యాయం పోగొట్టుకున్నాడు.

మాది కాకినాడ. అక్కడే లా చదివాను. పెళ్ళయ్యాక దోహా పక్కనున్న అల్ వుకైర్‌లో కాపురం. మావారు ఇంజనీరు. నేను దోహాలో ఒక పెద్ద లాయర్ల ఆఫీసులో చేరాను. లాయరుగా కాదు, లాయర్లకి కాగితాలు సిద్ధం చేసే మనిషిగా. నాకంటే చిన్నవాళ్ళు, లండన్ నుంచి నిన్నగాక మొన్న దిగినవాళ్ళు, నన్ను పేరు పెట్టి పిలిచి ఫైళ్ళు తెమ్మనేవారు. ఒళ్ళు మండేది. ఇంగ్లండ్ లాయర్లకి పెట్టే సొలిసిటర్ పరీక్ష రాసి, వాళ్ళ పక్క కుర్చీలోనే కూర్చోవాలని పంతం పట్టాను. పంతం అని మర్యాదగా అంటున్నాను. అసూయ అంటే సరిపోతుంది.

ఆ పరీక్షలో రెండో భాగం చేతలు చూపించే పరీక్ష. జడ్జి ముందు వాదించాలి, పత్రాలు రాయాలి, క్లయింటుతో కూర్చుని మాట్లాడాలి. క్లయింటుగా వచ్చేది ఒక నటుడు. అతనికి ఒక కష్టం రాసిచ్చి పంపిస్తారు. మనం అడగాలి, వినాలి, ధైర్యం చెప్పాలి. చివర్లో మార్కులు వేసేది కూడా ఆ నటుడే. మనకి చట్టం ఎంత తెలుసో అతనికి అక్కర్లేదు. ఈ లాయరు మీద తనకి నమ్మకం కుదిరిందా లేదా, అంతే. నాకు భయమంతా దాంతోనే. సెక్షన్లు బట్టీ కొట్టొచ్చు. నమ్మకాన్ని ఎలా బట్టీ కొట్టడం?

మావారిని క్లయింటుగా కూర్చోబెట్టుకునేదాన్ని. ఆయన భూమి పోయిన ముసలాయనలా రెండు నిమిషాలు ఏడ్చి, మధ్యలో "ఇంతకీ లాయరమ్మగారూ, ఇవాళ కూరేంటి?" అనేవారు. ఇలా లాభం లేదనుకున్నాను. నాకు నిజంగా కష్టం ఉన్న మనిషి కావాలి. అప్పట్లో ఈ మాట అనుకున్నందుకు సిగ్గుపడలేదు.

శుక్రవారాలు మావారు ఏషియన్ టౌన్ క్రికెట్ గ్రౌండులో ఆడేవారు. నేను కాగితాలు పట్టుకుని ఓ మూల బెంచీ మీద కూర్చునేదాన్ని. ఒక శుక్రవారం ఫోన్లో మా అక్కకి చెబుతున్నాను, క్లయింటుని ఎలా పలకరించాలి, ఎక్కడ తలూపాలి, ఎక్కడ ఆగాలి అని. పెట్టేశాక చూస్తే కాస్త దూరంలో ఒకతను నిలబడి ఉన్నాడు. నలభై దాటి ఉంటాయి. ఉతికిన చొక్కా, ఎడమ కంటికి తెల్లటి గుడ్డ. బిర్కత్ అల్ అవామిర్‌లోని కూలీల క్యాంప్ నుంచి బస్సులో వచ్చాడు. పేరు రాయను. గంగారాం అనుకోండి.

"ఏమనుకోకుండ్రి మేడం. మీరు వకీలా?"

"ప్రాక్టీసు చేస్తున్నాను," అన్నాను.

"ఏడ చేస్తున్నరు?"

"ఇక్కడే. దోహాలో."

చూశారా? పరీక్షకి సాధన చేస్తున్నానని నా ఉద్దేశం. మన ఊళ్ళల్లో వకీలు ప్రాక్టీసు చేస్తున్నాడంటే ఏమిటి అర్థం? కోర్టుకి వెళ్తాడని, కేసులు వాదిస్తాడని. అతని మొహం అలా విప్పారగానే నాకు అర్థమైంది. ఆ క్షణానే అర్థమైంది, దయచేసి తెలియక అనిందిలే అని నన్ను వదిలేయకండి. సరిదిద్దడానికి నోరు తెరిచాను కూడా. ఈలోగా అతనే, "మా జగిత్యాల కోర్టుల ప్రాక్టీస్ చేసే వకీల్‌సాబులు మాతోని మాట్లాడనే మాట్లాడరు మేడం. నా గోస గొంచెం ఇంటరా?" అన్నాడు. నేను నోరు మూసుకుని పక్కనున్న జాగా చూపించాను. ఫోన్లో రికార్డు నొక్కి కాగితాల మీద పెట్టాను. టీ తెప్పించాను కూడా, క్లయింటుకి కుదురు కల్పించాలి కదా!

గ్రైండర్‌తో ఇనుప కడ్డీ కోస్తుంటే ముక్క ఎగిరి అతని కంట్లో పడింది. స్టేడియం దగ్గర రోడ్డు పని. చూపు పోయింది. ఇప్పుడు కంపెనీవాళ్ళు, పనిలో కాదు, క్యాంపులో బాత్రూంలో జారిపడ్డానని సంతకం పెట్టమంటున్నారు. పెడితే టికెట్ చేతిలో పెట్టి ఇంటికి పంపిస్తారు, అంతటితో సరి. "డ్యూటీల అయింది మేడం. డ్యూటీల అయిందని ఒప్పుకోవాలె. గంతే. ఇంటికి వోయి లారీ తోలుకుందామనుకున్న. ఒంటి కన్నోనికి లైసెన్స్ ఎవ్వలిస్తరు?"

కంపెనీ ఏదని అడిగాను. చెప్పాడు. అది మా ఆఫీసు క్లయింటు. పొద్దున లేస్తే నేను సర్దేది ఆ కంపెనీ ఫైళ్ళే.

అక్కడ ఆగాలి. పరీక్షలో ఇలాంటి ప్రశ్న వస్తే నాకు పూర్తి మార్కులు. అవతలి పక్షం మీ ఆఫీసు క్లయింటే అయితే వెంటనే ఆ మాట చెప్పి, ఇంకొకరి దగ్గరికి పంపించాలి. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేదాన్ని. కానీ ఇంటర్వ్యూ బ్రహ్మాండంగా సాగుతోంది. అతను మాట్లాడుతున్నాడు, నేను సరైన చోట తలూపుతున్నాను, సరైన చోట ఆగుతున్నాను. మావారితో ఒక్కసారైనా ఇలా కుదరలేదు. ఇప్పుడు ఆపడమా?

ఆపలేదు. చివర్లో చెప్పాల్సిన మాటలు కూడా పుస్తకంలో ఉన్నట్టే చెప్పాను. "నేను పరిశీలించి మీకు చెబుతాను. అప్పటిదాకా దేనిమీదా సంతకం పెట్టకండి. నాతో మాట్లాడినట్టు ఎవరికీ చెప్పకండి." ఆ ఆఖరి వాక్యం మాత్రం పుస్తకంలోది కాదు. అది నా భయం. అతను రెండు చేతులూ జోడించి నా నంబర్ తీసుకున్నాడు. పేరు అడగలేదు. నేనూ చెప్పలేదు. వకీల్ మేడం అని రాసుకున్నాడు.

ఆ రికార్డింగు వారాలపాటు విన్నాను. దేనికోసమో తెలుసా? నా గొంతు కోసం. ఎక్కడ తొందరపడ్డాను, ఎన్నిసార్లు ఓకే ఓకే అన్నాను అని. అతను మాట్లాడేచోట వేలితో ముందుకి జరిపేసేదాన్ని.

ప్రతి శుక్రవారం పొద్దున్నే వాట్సాప్‌లో ఒక దేవుడి బొమ్మ వచ్చేది, కింద శుభోదయం అని. ఒకటి రెండుసార్లు నమస్కారం పెట్టాను. తర్వాత వాయిస్ మెసేజులు మొదలయ్యాయి. వినలేదు. పరీక్ష ముందు మనసు చెదరకూడదనుకున్నాను. లండన్ వెళ్ళాను. అక్కడ నా ఎదురుగా కూర్చున్న నటి కళ్ళనీళ్ళు పెట్టుకుంది, నేను సరైన చోట ఆగాను. తిరిగొచ్చాక ఏరు దాటి తెప్ప తగలేసినట్టు అతని నంబర్ బ్లాక్ చేశాను. కొన్నాళ్ళకి ఫలితాలు వచ్చాయి. పాసయ్యాను. అన్నిటికంటే ఎక్కువ మార్కులు క్లయింటు ఇంటర్వ్యూలోనే.

దసరాకి తెలుగువాళ్ళ వేడుకలో నన్ను స్టేజీ ఎక్కించి శాలువా కప్పారు. మన ఆడపిల్ల సొలిసిటర్ అయిందని చప్పట్లు. కిందికి దిగాక ఒక పెద్దాయన వచ్చి పలకరించాడు. నిజామాబాద్ వైపు మనిషి, డ్రైవరు. క్యాంపుల్లో ఆపదలో ఉన్నవాళ్ళని తన బండిలో లేబర్ ఆఫీసుకి తీసుకెళ్తుంటాడని అందరికీ తెలుసు. "ఇగ మనోళ్ళకు మీరున్నరు మేడం," అని మొదలుపెట్టి, మాటల్లో గంగారాం సంగతి చెప్పాడు. పేరుతో సహా. అతని కోసం క్యాంపుకి బండి తీసుకుని రెండుసార్లు వెళ్ళాడట. గంగారాం ఎక్కలేదట. నాకు వకీల్ మేడం ఉన్నది, ఆమె చూస్తాంది, ఎవలికీ చెప్పద్దన్నది, అన్నాడట. కప్పు దగ్గర పడ్డాక కంపెనీ మనుషుల్ని ఇళ్ళకి పంపించేస్తుంటే, విమానం ఎక్కే రోజు పొద్దున ఏడ్చుకుంటూ సంతకం పెట్టాడట. "ఎవలో లేని వకీలమ్మను తల్చుకుంటనే వోయిండు పిచ్చోడు," అన్నాడు పెద్దాయన.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అంటారు కదా. నిజంగానే తడుముకున్నాను. శాలువా ఉంది అక్కడ.

ఇంతవరకూ విని మీరు, పాపం ఒక్క మాట దగ్గర పొరపాటు జరిగింది అనుకుంటున్నారేమో. అనుకోకండి. అసలు పాపం ఆ హాల్లో చేశాను. బలవంతపు సంతకం మీద పోరాడొచ్చు. మనిషి ఊళ్ళో ఉన్నా సరే, ఇక్కడ ఎవరికైనా అధికారం రాసిచ్చి ఫిర్యాదు వేయించొచ్చు. దానికి గడువు ఇంకా మిగిలే ఉంది. ఆ సంగతి ఆ హాల్లో నాకొక్కదానికే తెలుసు. పెద్దాయనకి ఒక్క ముక్క చెబితే చాలు, మర్నాడే ఊరికి ఫోన్ చేసి ఉండేవాడు. కానీ ఫిర్యాదు పడితే ఆ వకీల్ మేడం ఎవరన్న ప్రశ్న వస్తుంది. మా ఆఫీసుకి తెలుస్తుంది. అప్పుడే చేతికొచ్చిన లైసెన్సు ఏమవుతుంది? "అయ్యో పాపం," అన్నాను. గులాబ్ జామ్ పెట్టిన గిన్నె ఎవరో చేతిలో పెడితే తిన్నాను కూడా.

రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు చాలాసార్లు వచ్చింది. కప్పు మొదలైంది, ఊరంతా తిరనాళ్ళ సందడి, మావారితో కలిసి నేనూ మ్యాచ్‌కి వెళ్ళాను. గంగారాం కడ్డీలు కోసిన రోడ్డు మీదుగానే నడిచి వెళ్ళుంటాను. తర్వాత ఎప్పుడో గడువు దాటిపోయింది. దాటిందని తెలిసిన రోజు నాకు ఏమనిపించిందో చెప్పనా? హమ్మయ్య అనిపించింది. ఇంతకంటే నీచమైన మాట నా గురించి నాకు తెలీదు.

ఇప్పుడు నాకు ఆ పక్క కుర్చీ ఉంది. కొత్తగా వచ్చే పిల్లలకి క్లయింటు ఇంటర్వ్యూ నేనే నేర్పిస్తాను. కూర్చోగానే మీ పేరు చెప్పండి, మీరెవరో చెప్పండి, మీకు చేతకానిది చేస్తానని ఆశపెట్టకండి అంటాను. పిల్లలు రాసుకుంటారు.

అతనితో నేను అనాల్సింది ఇంతే: "నేనింకా లాయర్ని కాను, గంగారాం గారూ. పరీక్షకి చదువుకుంటున్నాను. మీ కంపెనీ మా ఆఫీసు క్లయింటు, అందుకని మీ విషయంలో నేను వేలు పెట్టకూడదు. ఆలస్యం చేయకుండా లేబర్ ఆఫీసుకి వెళ్ళండి." టీ చల్లారేలోపు అయిపోయేది.

క్షమించమని అడగడం లేదు. మీరు క్షమిస్తే అతనికేం ఒరుగుతుంది? చెప్పేశాక కొంచెం తేలికగా ఉంది, దాచను. మొన్న ఆ రికార్డింగు తీసి, ముందుకి జరపకుండా, మొదటిసారి చివరిదాకా విన్నాను. నా మాటలన్నీ అయిపోయాక, నేను కాగితాలు సర్దుకుంటున్న చప్పుడు మధ్య, అతను లేస్తూ అన్న మాట ఉంది అందులో.

"మీకు చెప్పుకున్న. బరువు దిగినట్టు మనసు అల్కగైంది మేడం."