రెండో ముద్ద

చిత్తూరు బస్టాండు వెనక సందులో ఒక సంగటి హోటలుంది. డాక్టరు దగ్గర్నుంచి వచ్చేటప్పుడు ఆ సందులోకి తిరగకూడదనే అనుకుంటాను గానీ, ఉడుకుతున్న రాగిపిండి వాసన, దాని వెంటే వేయించిన చెనిక్కాయల, అదే వేరుశెనగల, వాసన రోడ్డు దాకా వచ్చి నన్ను పిలుచుకుపోతాయి. ఇవాళా అదే జరిగింది. షుగరుకు ఏం తినాలో, ఎంత తినాలో డాక్టరు రాసిచ్చిన కాగితం సంచిలోనే ఉంది. కుడికాలి బొటనవేలి మీద మూడు నెలలుగా మానని పుండుంది. సంగటి తినొచ్చమ్మా, పూటకు ఒక్క ముద్దే, ఇట్లాగే తింటూ పోతే వేలు తీసెయ్యాల్సి వస్తుంది అన్నాడాయన. ఆకలి లేకపోయినా తినే అలవాటు ఎప్పట్నుంచి అని అడిగితే తెలీదన్నాను. అబద్ధం. పదకొండో ఏట నుంచి.

మా ఊళ్ళో బడి అయిదో తరగతితో ఆగిపోవడంతో నాయన నన్ను బంగారుపాళ్యం పక్క పల్లెలో ఉండే మా మేనత్త ఇంట్లో వదిలాడు. అత్తకున్న ఒక్క కూతురు సుగుణ, నా ఈడుదే, అంతకు ముందు ఏడు జ్వరంతో పోయింది. ఆ పిల్ల పావడాలే నాకు తొడిగి, ఆ పిల్ల పళ్ళెంలోనే నాకు పెట్టేది అత్త. చిన్నపిల్లను, నాకేం తెలుసు, కొత్త పావడాలు దొరికాయని సంబరపడ్డాను.

ఆ ఇంట్లో రుతువులు నోటి ద్వారా వచ్చేవి. చలికాలం చిక్కుడులాంటి అనపకాయలు వలిచి, నానబెట్టిన గింజల్ని వేళ్ళ మధ్య పట్టి నొక్కితే పప్పు టప్పున ఎగిరి ఎదుటివాళ్ళ మొహాన పడేది, ఆ ఆటలోనే తట్టెడు పితికిపప్పు సిద్ధమయ్యేది. ఎండాకాలం గడ్డిలో మాగేసిన బేనిషా మామిడిపళ్ళ వాసనకు చిన్నగదిలో పడుకోలేకపోయేవాళ్ళం. వానలు పడ్డాక పచ్చి చెనిక్కాయలు ఉప్పేసి ఉడకబెడితే ఒడినిండా పోసుకుని గడపలో కూర్చునేదాన్ని. ఏ కాలమైనా సంగటి మాత్రం తప్పేది కాదు. అత్త కుండను రెండు పాదాల మధ్య బిగించి తెడ్డుతో కెలికి, చెయ్యి తడుపుకుని, పొగలు కక్కే సంగటిని గుండ్రంగా చేసి, నడుమ బొటనవేలితో గుంట పెట్టి అందులో పులుసు పోసేది. పక్కన నంజుకోను చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి. నేను తింటుంటే ఎదురుగా గొంతుక్కూర్చుని నా నోటి వంకే చూసేది.

మారు వడ్డించకుండా ఎవర్నీ లేవనీయకపోవడం మావైపు మర్యాదే. కానీ అత్త పెట్టే రెండో ముద్ద మర్యాద కోసం కాదని కొన్నాళ్ళకు నాకు అర్థమైంది. మొదటి ముద్ద ఆకలికి పోయేది. రెండోది పులుసుతో నెట్టుకుని, ఊపిరి బిగబట్టి మింగి, తర్వాత గోడ వారగా వెల్లకిలా పడి ఆయాసపడేదాన్ని. "పిల్ల కడుపా, గాదెనా ఇది?" అని మామ నవ్వబోయి, అత్త మొహం చూసి ఆగిపోయేవాడు. బళ్ళో నా పేరు సంగటికుండ. అయినా ఖాళీ పళ్ళెం చూసినప్పుడు అత్త మొహంలో కనిపించే నెమ్మది కోసం ఇంకో ముద్దయినా మింగేదాన్నే.

ఒక్కసారే కాదన్నాను. గంగజాతర నాడు స్నేహితురాలింట్లో అంబలి, పొట్టేలు పులుసు, పాయసం అన్నీ లాగించి ఇంటికొచ్చాను. అత్త అప్పటికే పళ్ళెం పెట్టుకుని కూర్చుంది.

"సాలత్తా, వద్దు," అన్నాను.

అత్త చేతిలో ముద్ద అట్లాగే ఆగిపోయింది. దాన్ని కుండలో వేసి, మూత పెట్టి, పెరట్లోకి పోయి కూర్చుంది. రెండు రోజులు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. మూడో రోజు నేను ఏడుస్తూ పోయి నాకు ఆకలేస్తోందని చెప్పాను. అప్పుడు చెప్పింది.

"సుగుణకి ఎనిమిది దినాలు జొరం. లంఖణం పరమౌషధమని మా అత్త జీలకర నీళ్ళు తప్ప ఏమీ ఈనీలేదు. తొమ్మిదో నాడు నేను సంగటి కెలకతా ఉంటే వాసన సూసి, అమా ఒక ముద్ద పెట్టుమా అనింది. జొరం ఇడిసినాక పెడతాలే అన్నాను. పొద్దుగూకే లోపల పాయ. అడిగింది పాపా. పెట్టలా నేను," అంది.

ఆ రోజు మూడు ముద్దలు తిన్నాను. నేను తింటేనే అత్త బతుకుతుందని నమ్మాను. ఏడాది తిరక్కుండానే సుగుణ పావడాలు నాకు పట్టకుండా పోయాయి. వాటిని మడిచి పెట్టెలో పెడుతూ అత్త ఏడ్చింది. అప్పుడూ నేను తినడం మానలేదు.

నాలుగేళ్ళ కిందట అత్తకు పక్షవాతమొచ్చింది. తిరుపతిలో ఆసుపత్రిలో చేర్చాం. మింగే శక్తి పోయింది, నోట్లో ఏం పెట్టినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఒక్క చుక్క కూడా పెట్టొద్దని చెప్పి ముక్కుకు గొట్టం వేశారు. మూడో రోజు నా కొంగు పట్టుకుని, వంకరపోయిన నోటితో అతికష్టం మీద ఒకే మాట అంది. "సంగటి." జీవితంలో ఆమె నన్నడిగింది అదొక్కటే.

"రోగం తగ్గినాక పెడతాలే అత్తా," అన్నాను.

ఆ మాట ఎవరిదో నోట్లోంచి వచ్చాక గానీ గుర్తు రాలేదు. అత్త నన్ను చాలాసేపు చూసి, మొహం గోడవైపు తిప్పుకుంది. మర్నాటికి లేదు. డాక్టర్లు చెప్పింది నిజమే. ఆ మాటకొస్తే లంఖణం పెట్టమన్న ముసలమ్మా పిల్ల మేలే కోరింది. ఎవరు ఎంత సర్దిచెప్పినా, నన్ను అయిదేళ్ళు కడుపు పగిలేలా మేపిన మనిషిని నేను ఆకలితో పంపించాను. ఆ తర్వాతే నా తిండి మరీ అదుపు తప్పింది.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు అత్త ఇల్లు పోయింది. కుండ పెట్టుకుని కెలికిన చోటు మీంచి ఇప్పుడు బెంగళూరు లారీలు పోతున్నాయి. రాగి చేలన్నీ మామిడి తోటలయ్యాయి. పితికిపప్పు పొట్లాల్లో దొరుకుతోంది, మొహాన ఎగిరిపడేది మాత్రం దొరకదు. సుగుణ మొహం గుర్తున్నవాళ్ళెవరూ మిగల్లేదు, నేను తప్ప.

హోటల్లో మొదటి ముద్ద అయిపోయింది. కడుపు నిండింది కూడా. వడ్డించే ఆమె చెయ్యి తడుపుకుని, ముద్ద పట్టుకుని నా ముందు నిలబడింది.

"ఇంగొకటి ఏసేదామ్మా?"

బల్లకింద వేలు సలుపుతోంది. సాలు అనడానికి నోరు తెరిచాను. ముద్ద పట్టుకుని ఆగిన ఆ తడి చెయ్యి చూశాక ఆ మాట బయటికి రాలేదు. పళ్ళెం ముందుకు జరిపాను.