కనక రెండేళ్ళ పథ్యం

కాఫీ తోటలో కలుపు తీస్తున్న కనకకు, కాలికి జలగ పట్టిన సంగతి మొగుడు సుక్రు చెప్పేదాకా తెలియలేదు. చెప్పు నిండా నెత్తురు.

"ఏటే, ఆ కాలు నీదేనా?" అంటూ సుక్రు ఉప్పు చల్లి జలగను ఊడగొట్టాడు.

కనక నవ్వలేదు. నెల రోజులుగా అరికాళ్ళు మొద్దుబారుతున్నాయి. నాలుక పూసి మండుతోంది. కాళ్ళు పడిపోయి మంచాన పడిన మేనత్త గుర్తొచ్చింది. వాళ్ళ తోట కొండ వాలులో ఉంది. కాలు ఆనకపోతే అక్కడ నిలబడడం కష్టం. ఇంట్లో కూర్చుందామంటే ఆ తోట తప్ప వాళ్ళకు ఇంకో ఆధారం లేదు.

మర్నాడే సుక్రు ఆమెను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. రెండేళ్ళ కిందట కడుపునొప్పి, విరేచనాలతో వచ్చినప్పుడు ఐబీఎస్ అని చెప్పింది అక్కడే. పేగులో పుండేమీ లేదు గానీ చిన్నదానికే గడబిడ చేస్తుందని అప్పుడే అన్నారు. ఇప్పుడు రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు ధర్మతేజ అడిగాడు.

"ఏం తింటున్నావమ్మా?"

"గంజన్నం బాబూ. ఉప్పేసుకొని."

"గుడ్డు, చేప, పాలు?"

"మీరే కదా మానెయ్యమన్నారు."

కడుపును ఇబ్బంది పెట్టినవి కొన్నాళ్ళు ఆపమని ఆయన అన్న మాట నిజమే. కడుపు నొచ్చినప్పుడల్లా ఆ పూట తిన్నదాన్ని కనక మానేస్తూ వచ్చింది. ఒకనాడు గుడ్డు, ఒకనాడు పాలు, ఇంకోనాడు ఎండుచేప. వాళ్ళ ఊళ్ళో చిక్కుడు కాసినా మామిడి పండినా, ముహూర్తాలు పెట్టే దిసారి మంచిరోజు చూసి చెప్పి, కొత్తల పండగ చేసేదాకా ఎవరూ నోట పెట్టరు. ఆపిన తిండిని మళ్ళీ తినమనే మాట కూడా డాక్టరు నోటే రావాలని ఆమె అనుకుంది. వచ్చి అడగడానికి సిగ్గుపడింది.

"నన్నూ సేప వండుకోనివ్వలేదు బాబూ, వాసన పడదని," అన్నాడు సుక్రు దొరికిందే సందుగా.

ధర్మతేజ నవ్వాపుకున్నాడు. "బి12 విటమిన్ బాగా తగ్గిపోయింది. డి కూడా తక్కువే. నీ పేగులు చేసిన పని కాదమ్మా ఇది, తినక తెచ్చుకున్నావు. సూదిమందు ఇస్తాం."

"కాళ్ళు పోవు కదా బాబూ?"

"పోవు. తిమ్మిరి తగ్గడానికి మాత్రం నెలలు పడుతుంది. మంచిదైంది, ఇప్పుడైనా వచ్చావు. తిండి ఒక్కొక్కటే మొదలుపెట్టు. ముందు గుడ్డు. మూడు రోజులు చూసి ఇంకొకటి."

కనక పైట చెంగుతో ముఖం తుడుచుకుంది. కాళ్ళు పోవన్న మాట ఇంకోసారి చెప్పించుకోవాలనిపించింది.

"ఇంకేటి, గుడ్డుకి కొత్తల పండగ సేద్దాం. దిసారి ఈ బాబే," అన్నాడు సుక్రు.

ఇంటికొచ్చి సగం గుడ్డు తిని కనక గుమ్మంలో కూర్చుంది.

"ఏటైనా అవుతోందా?" సుక్రు మూడోసారి అడిగాడు.

"నువ్వు అడక్కపోతే ఏటీ అవట్లేదు."

మూడు రోజులకు ఎండుచేప, ఆ తర్వాత చోడి అంబలి. చిక్కుడు తిన్ననాడు కడుపు ఉబ్బింది. ఈసారి చిక్కుడొక్కటే పక్కన పెట్టి, తక్కినవి తింటూనే ఉంది. పాల సంగతి అడగడానికి మాత్రం ఒక్కతే ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్ళింది.

కాఫీ పళ్ళు కోసే రోజులకు కాలివేళ్ళ కొసల్లో కాస్త తిమ్మిరి మాత్రమే మిగిలింది. బుట్ట నడుముకు కట్టుకొని వాలులో నిలబడి కోస్తోంది కనక. పొద్దింకా నడినెత్తికి రాకుండానే సుక్రును కేకేసి, అంబలి ఇంతే తెచ్చావేటని విసుక్కుంది.