చదివి వినిపించగా

పదో తరగతితో పోలీసులో చేరి, హెడ్ కానిస్టేబులునై, దివిసీమలో సముద్రం దగ్గరి స్టేషన్లో ఏళ్ల తరబడి రైటరుగా చేశాను. జనం చెప్పే ఫిర్యాదులు కాగితం మీద పెట్టడం నా పని. తొంభైల చివర్లో, గుడివాడలో ఎం.ఏ. చదివిన కానిస్టేబులు ఒకడు మాకు వచ్చాడు. ఎం.ఏ. చదివినవాడికి లాఠీతో ఏం పని? ఎవరో తెచ్చిన రొయ్యల బుట్టను కూడా మర్యాదగా వెనక్కి పంపేశాడు. ఇంకేం, నా మీద కన్నేసి ఉంచమని బందరు నుంచి పైవాళ్లే పంపించారని ఖాయం చేసుకున్నాను. ఇలాంటివాళ్లు ఇంకో నలుగురు వస్తే నా గతేమిటి? అతను గదిలోకి వస్తే చాలు, బీరువాకి తాళం వేసేవాణ్ణి.

ఒకరోజు పొద్దున్నే చేపలమ్మే ఆవిడ వచ్చింది. ఒడ్డున ఆరేసిన ఆమె వలలను ఎవరో తగలబెట్టారు. అంతకుముందే ఆమె అన్న పడవ ఇంజను దొంగతనం కేసులో జైలుకెళ్లాడు. ఆమె చెబుతుంటే రాసుకుపోయాను. ఆమెతో తగాదా ఉన్న పక్కింటాయన్ని ఎస్సై గారు అప్పటికే అనుమానం మీద తెచ్చి కూర్చోబెట్టారు కాబట్టి ఆయన పేరు ఎక్కించాను. చివర మామూలుగా ‘చదివి వినిపించగా సరిగా ఉన్నదని ఒప్పుకొని వేలిముద్ర వేసినాను’ అని రాసి, ఇంకు డబ్బా ఆమె ముందుకు తోశాను.

"బాబాయ్ గారూ, చదివి వినిపించలేదు కదండీ," అన్నాడు ఎం.ఏ. కానిస్టేబులు.

నాకు ఒళ్లు మండింది. "ఆ ముక్క ప్రతి కాగితంలోనూ ఉంటుందయ్యా. చదువుతూ కూర్చుంటే అయినట్టే."

"నేను చదువుతాలెండి."

నెమ్మదిగా చదివాడు. పక్కింటాయన పేరు రాగానే ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నేనట్టా అన్లేదండీ. పొగలో ఎవరో పరిగెత్తారన్నాను. మొహం కనపళ్లేదు. చూడకుండా పేరు చెబితే వాడి పెళ్లాం పిల్లలేమైపోతారు?"

పళ్లు కొరుక్కుంటూ మళ్లీ రాశాను. ఈసారీ అతనే చదివాడు, ఆమె వేలిముద్ర వేసింది. వేలు కొంగుకి తుడుచుకుని, కదలకుండా నిలబడింది.

"మా అన్న మీద ఫిర్యాదు రాసింది కూడా మీరేనంటగా. అప్పుడు చదివి వినిపించారాండీ?"

ఇంజను పోయినాయన ఆ కాగితం మీద వేలిముద్ర వేయడం నాకు గుర్తుంది. చదవలేదనీ గుర్తుంది. ఎం.ఏ. కానిస్టేబులు వైపు చూశాను. అతను తల వంచుకున్నాడు. నిజంగా నా మీద నిఘాకి వచ్చినవాడే అయితే బాగుండేదనిపించింది. పైవాళ్లకైతే ఏదో ఒక సమాధానం చెప్పుకునేవాణ్ణి.