నదికి ఇవతల చెల్లని పెళ్ళి

నా చిన్నప్పుడు పెద్దవాళ్ళు చెప్పే ప్రతి నియమానికీ ఒక నెంబరు వేసి నోట్‌బుక్‌లో రాసుకునేవాణ్ణి. షూస్ గరాజ్‌లోనే విప్పాలన్నది ఒకటి. అన్నం తింటూ టీవీ చూడకూడదన్నది నాలుగు. నియమం చెప్పినవాళ్ళే దాన్ని తప్పితే పక్కన ఎర్రపెన్నుతో గీత గీసేవాణ్ణి. 2013లో నాకు పదకొండేళ్ళు. ఆ ఏడాది ఎక్కువ ఎర్రగీతలు పడింది మా నాన్న స్నేహితుడికి. నాకు ఆయన అంకుల్. వర్జీనియా రాష్ట్రంలో షాంటిలీలోని మా ఇంటికి ఆయనా ఆంటీ ప్రతి శనివారం భోజనానికి వచ్చేవారు.

అంకుల్‌కి మంచి గొంతుంది. హెల్త్ ఇన్సూరెన్స్ అయినా, స్కూళ్ళయినా, తుపాకులయినా ఆయన తీర్పు ఒకటే. పైనున్న ఫెడరల్ గవర్నమెంట్‌కి మన స్టేట్‌తో పనేంటండీ, వర్జీనియా సంగతి వర్జీనియా చూసుకుంటుంది. అది నా పుస్తకంలో ముప్ఫై ఒకటో నియమం. తన పెళ్ళి కథ కూడా తరచూ చెప్పేవారు. అన్నవరం కొండమీద పెళ్ళయింది. రిజిస్టర్ చేయించలేదు. ఆంటీ వీసా దగ్గర సర్టిఫికెట్ అడిగారు. వెయ్యిమంది భోంచేసి వెళ్ళారు, ఇంక గవర్నమెంట్‌కి నా పెళ్ళితో పనేంటి అని అడిగానండీ అని నవ్వేవారు. ఆంటీ నవ్వేది కాదు.

మా పక్కింట్లో ఒక లెక్కల టీచరు ఉండేది. అమెరికన్ అమ్మాయి. అమ్మ నేర్పితే నేను అక్కా అని పిలిచేవాణ్ణి, ఆవిడకి ఆ పిలుపు ఇష్టం. నాకు చదరంగం నేర్పింది ఆవిడే. ఎన్నో ఏళ్ళుగా ఇంకో ఆవిడతో కలిసి ఉండేది. ఆ జనవరిలో, మా రాష్ట్రం అంచున పారే నదికి అవతల, మేరీలాండ్‌లో అలాంటివాళ్ళు పెళ్ళి చేసుకోవచ్చని చట్టం వచ్చింది. ఇద్దరూ వెళ్ళి పెళ్ళి చేసుకుని మాకు కేకు తెచ్చిపెట్టారు. అవతలి ఒడ్డున వాళ్ళు భార్యలు. వంతెన దాటి ఇంటికొస్తే, వర్జీనియా లెక్కలో ఒకే ఇంట్లో ఉంటున్న ఇద్దరు మనుషులు.

ఆ కేకు వచ్చిన శనివారమే అంకుల్ కొత్త నియమం చెప్పారు. ఒక్కో స్టేట్ ఇష్టమొచ్చినట్టు చేస్తే కుదరదట, ఫెడరల్ వాళ్ళే దేశమంతటికీ ఒక చట్టం తెచ్చి ఇలాంటి పెళ్ళిళ్ళు ఆపేయాలట. అది ముప్ఫై నాలుగు. రెండూ ఒకే నోట్లోంచి ఎలా వచ్చాయో నాకు అర్థం కాలేదు. నాన్నని అడిగితే, అది పాలిటిక్స్ రా, నీకు తెలీదన్నారు.

అడగాల్సింది మా తాతయ్యని. అమ్మ వాళ్ళ నాన్న, రిటైరైన సబ్ రిజిస్ట్రారు, ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. నా పుస్తకం తిరగేసి, ఆ రెండు నియమాల్లోనూ ఏ విషయం గురించన్నది తీసేసి తెల్ల కార్డుల మీద రాయమన్నారు. వెనకవైపు తేదీ, విషయం, చెప్పినవారి పేరు. మార్చిలో ఒక శనివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ఇదో ఆట అని చెప్పి కార్డులు అంకుల్ ముందు పెట్టారు.

‘రాష్ట్రం సంగతి రాష్ట్రమే చూసుకోవాలి’ అన్న మొదటిది చదివి అంకుల్ భేష్ అన్నారు. ‘పైనున్న ప్రభుత్వమే అందరికీ ఒకటే చట్టం చేయాలి, రాష్ట్రాల మాట వినక్కర్లేదు’ అన్న రెండో కార్డు చదివి, ఎవరండీ ఈ డిక్టేటర్ అన్నారు. తాతయ్య ఆ కార్డుని నెమ్మదిగా తిప్పి చూపించారు. అంకుల్ తన పేరు చదువుకుని నవ్వేశారు. ఆ రెండూ వేరు బాబాయ్ గారూ, మీకు ఇక్కడి సంగతులు తెలీవు అన్నారు. సిగ్గుపడతారనుకున్నాను. సిగ్గుపడని మనిషిని అంత దగ్గరగా చూడటం నాకు అదే మొదలు.

అప్పుడే బెల్ మోగింది. గుమ్మంలో పక్కింటి అక్క, ఆమె పక్కన ఆమె పెళ్ళాడిన ఆవిడ, చేతిలో ఒక కాగితం. సోమవారం ఆవిడకి పెద్ద ఆపరేషన్. స్పృహ లేనప్పుడు ఏం చేయాలో అక్క చెప్పవచ్చని ఆవిడ రాసిస్తున్న కాగితం అది. నదికి ఇవతల వాళ్ళ పెళ్ళి చెల్లదు కాబట్టి ఆ కాగితం లేకపోతే అక్కని ఎవరూ అడగరు. ఆవిడ ఎదుట ఇద్దరు పెద్దవాళ్ళు సాక్షులుగా సంతకం పెట్టాలి. అమ్మ ఆ పూట డ్యూటీలో ఉంది.

అంకుల్ వాళ్ళిద్దరినీ చూసి చక్కగా నవ్వుతూ, తెలుగులో నాన్నతో అన్నారు. “మనకెందుకండీ ఈ గోల? వాళ్ళదో పెళ్ళా పాడా. రేపేదన్నా అయితే కోర్టుల చుట్టూ మీరు తిరగాలి.”

నాన్న జేబులోంచి ఫోన్ తీసి, ఆఫీస్ కాల్ అంటూ గరాజ్‌లోకి వెళ్ళారు. ఫోన్ మోగలేదు.

ఆయన ఏమన్నారని అక్క నన్ను మెల్లగా అడిగింది. ఆపరేషన్ బాగా జరగాలంటున్నారని చెప్పాను.

తాతయ్య కళ్ళజోడు తెమ్మన్నారు. కాగితమంతా నాచేత చదివించి అర్థం చెప్పించుకున్నారు. తర్వాత ఆవిడ కళ్ళలోకి చూసి, ఇది మీ ఇష్టపూర్వకంగానే రాస్తున్నారా అని నా ద్వారా అడిగారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ వచ్చినవాళ్ళనల్లా అడిగిన ప్రశ్న అది. ఆవిడ అవునని సంతకం చేసింది. తాతయ్య కింద తెలుగులో సంతకం పెట్టి, రెండో సాక్షి కోసం తలెత్తారు.

ఆంటీ లేచి చేతులు తుడుచుకుంది. “పెన్ ఇటివ్వండి బాబాయ్ గారూ.”

“నువ్వెందుకు?” అన్నారు అంకుల్.

“ఎనిమిది నెలలు నేను మీకేమీ కానండీ, కాగితం లేక. మీరిక్కడ, నేనక్కడ. అది మీకు జోకు.” ఆమె తన పేరు మొత్తం రాసింది.

అక్క ఆ కాగితంతోనే ఆస్పత్రికి వెళ్ళింది. ఐసీయూలో మంచం పక్కన ఉండనిచ్చారట, డాక్టరు ప్రతిదీ ఆమెనే అడిగాడట. వేసవికల్లా ఆవిడ పెరట్లో మొక్కలకి నీళ్ళు పోస్తూ కనిపించేది.

తర్వాత రెండేళ్ళలో చట్టం మారింది, ముందు వర్జీనియాలో, ఆపైన దేశమంతటా. అంకుల్ ఇప్పుడు, పెళ్ళిలో గవర్నమెంట్‌కి పనేంటని నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నానంటారు. ఎవరూ కాదనరు. మా నాన్న ఇంటికొచ్చినవాళ్ళకి, ఆ రోజు సాక్షి సంతకాలు మేమే పెట్టామని చెబుతారు. ఆ కాగితం మీద సాక్షి సంతకాలు రెండే, తాతయ్యదీ ఆంటీదీ. నేను చూశాను.

ఎవరు ఏ నియమం చెప్పినా, అది ఎవరి మీద పడుతుందో చేత్తో మూసి చదవమన్నారు తాతయ్య. అప్పుడూ నచ్చితే అది నియమం, లేకపోతే ఒట్టి కోరిక. ఇప్పుడు ఇంజనీరుగా నా పనిలోనూ అలాగే చదువుతాను. ఆ నోట్‌బుక్ ఇంకా నా దగ్గరుంది. అబద్ధం ఆడకూడదన్నది అందులో రెండో నియమం, నేనే స్వయంగా రాసుకున్నది. దాని పక్కన, ఆ కాగితం మీద సంతకాలు పడిన శనివారం తేదీతో ఒక ఎర్రగీత ఉంటుంది. అది నాది.