గొంతు అక్కరలేని చోటు

రాజారాం గొంతు పోయిన సంగతి ఆరు నెలల దాకా మాలో ఎవరికీ తెలియలేదు. ఇదీ నా కోతల్లో ఒకటనుకుంటారేమో. మా నేతగాళ్ల దాజీ పేట్‌లో నేసిన తువ్వాలు మడత విప్పితే ఊళ్లోని కొంతం చౌక్ దాకా పరుచుకుందనీ, ఆటోలు దాని మీదే నడిచాయనీ చెప్పినవాణ్ణి నేనే. ఇది మాత్రం కోత కాదు.

చద్దర్లు నేసే కార్ఖానాలో ముప్పై ఏళ్లు అతను నాలుగు సాంచాలు నడిపాడు. ఆ మరమగ్గాల మోతలో పక్కవాడు అరిచినా వినబడదు. అందుకే అక్కడ ఎవరూ గొంతు వాడరు. పెదవులు ఆడిస్తారు, ఎదుటివాడు చూసి అర్థం చేసుకుంటాడు. నేనూ అక్కడే సూపర్‌వైజరుగా చేసి మానుకున్నాను. అతని భార్య ద్రౌపది అక్కడే కండెలు చుట్టి సగం చెవుడు తెచ్చుకుంది. ఇంట్లోనూ మొగుడి పెదవులే చూస్తుంది. ఇక గొంతు బొంగురుపోతే పట్టించుకునేదెవరు?

పుణెలో ఉన్న కూతురు సారిక పట్టుకుంది. ఫోన్లో పెదవులు కనబడవు కదా.

“ఎవరు మాట్లాడేది? బాపుకియ్యుండ్రి ఫోను.”

“నేనే బిడ్డా.”

“మా బాపు గొంతు నాకు తెల్వదా? ఎవరు నువ్వు?”

కాన్వెంటు సిస్టర్లు నేర్పిన ఇంగ్లీషు ఉన్నందుకు పేటవాళ్ల ఆసుపత్రి కాగితాలన్నీ నా దగ్గరికే వస్తాయి. అతనిదీ వచ్చింది. స్వరపేటికలో క్యాన్సర్. రెండుసార్లు చదివాను. రెండోసారీ అదే ఉంది.

ముఖ్య కారణం బీడీ అన్నాడు డాక్టరు. రోజుకు రెండు కట్టలు. తిండి సంగతి అడిగితే చాయ్, కడక్ భాకరీ అనే ఎండు జొన్నరొట్టె, పల్లీల శేంగ చట్నీ, మళ్లీ చాయ్ అన్నాడు రాజారాం. ఆకుకూర, పండు అంటే నవ్వాడు. వ్యాయామం ఏమిటంటే, పన్నెండు గంటలు సాంచాల చుట్టూ తిరుగుతానన్నాడు. ఆ తిరిగిందంతా దూది నుసిలోనే.

స్వరపేటిక తీసేసి మెడలో రంధ్రం పెట్టారు. ఇక ఊపిరి దానిలోంచే. గాలిలోని నుసిని ముక్కు కొంత ఆపుతుంది, ఈ రంధ్రం ఏమీ ఆపదు, కార్ఖానాలో అడుగుపెట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

సారిక వీడియో కాల్ చేసేది. బడికి పోయి పెరిగిన పిల్ల, కార్ఖానా ఎరుగదు. తండ్రి పెదవులు ఆడిస్తుంటే “ఏమంటున్నవ్ బాపూ” అని అడిగి అడిగి ఏడ్చేది. అతను ఫోను ద్రౌపది చేతికిచ్చి గోడవైపు తిరిగేవాడు.

ఒక పొద్దున ద్రౌపది మా గుమ్మం ముందు నిలబడింది.

“మెడకు తడిబట్ట కట్టుకొని మళ్ల కార్ఖానకే పోయిండు కాకా. బీడీ పొగ గొంతుల దూదిని కాలుస్తదని చెప్పింది నువ్వే గద. నువ్వే పోయి తోలుకరా.”

నిజమే, చెప్పాను. నా దోస్తు ఒకడు తొంభై ఏళ్లదాకా బీడీ తాగాడనీ, చచ్చాక చూస్తే గొంతు అద్దంలా ఉందనీ చెప్పాను. అందరూ నవ్వారు. రాజారాం నవ్వుతూనే ఇంకో బీడీ ముట్టించాడు.

నేను వెళ్లేసరికి కార్ఖానాలో అతను పని చేయడం లేదు. తన పాత సాంచా పక్కన నిలబడి, ఇప్పుడు దాన్ని నడిపే నిలేష్‌తో గలగలా మాట్లాడుతున్నాడు. అంటే ఇద్దరి పెదవులూ ఆడుతున్నాయి. నిలేష్ పగలబడి నవ్వాడు. ఆ చప్పుడూ సాంచాల మోతలో కలిసిపోయింది.

నేను ఎదురుగా నిలబడి పెదవులు కదిపాను. “ఆ పొగ కత అబద్ధం రాజారాం.”

“తెల్సు కాకా. చెప్పినప్పుడల్లా ఆ దోస్తు పేరు మారుస్తుంటివి.”

“మరి ఎందుకు తాగినవ్?”

“ఊకె బయట నిలబడితే సేఠ్ ఒర్రుతడు. చేతుల బీడీ ఉంటే ఏమనడు. ఇంత గాలి పీల్చుకోనీకి అదొక్కటే సాకు.”

“ఇప్పుడు సాకు అక్కర్లేదు. బయటికి నడువు.”

“బయట ఎవలితోని మాట్లాడాలె?”

అతని మెడ వైపు చూశాను. మెడకున్న బట్ట అప్పటికే నుసితో తెల్లబడింది. ఊపిరి తీసినప్పుడల్లా అది లోపలికి గుంజుకుపోతోంది. విప్పి, బయట నల్లా కింద రెండుసార్లు పిండాను. నేను తిరిగి వచ్చేదాకా అతను మెడకు అరచేయి అడ్డం పెట్టుకుని, నిలేష్‌కు మిగతా సంగతి చెబుతూనే ఉన్నాడు.

బట్ట మళ్లీ నేనే కట్టాను.