మే నెల కోసం పరిగెత్తిన గుర్రం

ఆ పద్ధతి పెట్టింది నేనే. ఎవరినీ అనడానికి లేదు, అదే నా ఏడుపు.

దోహాలో ఇండస్ట్రియల్ ఏరియా దగ్గర ఒక సైటు ఆఫీసులో నేను టైమ్ కీపర్ని. ఎవరు ఎన్నింటికి డ్యూటీకి వచ్చారు, ఎవరు ఎప్పుడు సెలవు మీద ఊరికి వెళ్తారు, అన్నీ నా కంప్యూటర్లోనే ఉంటాయి. ఆఫీసులో మేం పదకొండు మందిమి. నెలకు ఒక్కరే వెళ్ళాలి, ఏప్రిల్లో ఎవరూ వెళ్ళకూడదు. కంపెనీ రూలు అంతే. కానీ ప్రతివాడికీ పండగ నెలే కావాలి, లేదంటే పిల్లల బడి సెలవులే కావాలి. మలయాళీకి రాస్తే తెలుగువాళ్ళు ముఖం మాడ్చుకునేవాళ్ళు. తెలుగువాడికి రాస్తే మీవాడికి రాసుకున్నావని మిగతావాళ్ళు మీద పడేవాళ్ళు. కప్పు చాయ్ కూడా ప్రశాంతంగా తాగనిచ్చేవాళ్ళు కాదు.

మా ప్రాజెక్ట్ మేనేజరు ఇంగ్లీషాయన. ఆయనకు ఏప్రిల్ వస్తే పూనకం. వాళ్ళ దేశంలో గ్రాండ్ నేషనల్ అని ఒక గుర్రప్పందెం ఉంది. ఉత్త పరుగు కాదు, నాలుగు మైళ్ళకు పైన పరిగెత్తుతూ ముప్పైసార్లు కంచెలూ కందకాలూ దూకాలి. ముప్పై నాలుగు గుర్రాలు బయల్దేరితే సగం కూడా చివరికి రావు. ఏడాదంతా పందెం జోలికి పోని ముసలమ్మలు కూడా ఆ రోజు ఒక గుర్రం మీద నాలుగు డబ్బులు పెడతారట. ఇక్కడ పందెం కాస్తే జైలే. అందుకని ఆయన "ఫులూస్ మాఫీ", అంటే డబ్బుల్లేవు అని, తనకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో రెండు వాడి, గుర్రాల చీటీలు మాచేత తీయించేవాడు. గెలిచినవాడికి ఖర్జూరాల డబ్బా.

సెలవుల గొడవతో విసిగిపోయిన ఒక రోజు నేనే నోరు జారాను. "ఖర్జూరాలెందుకు సార్, ఈ చీటీలతోనే సెలవులు పంచేద్దాం" అన్నాను. ఆయన బల్ల గుద్ది లేచాడు. రూళ్ళు కూడా నన్నే రాయమన్నాడు. నేను మహా తెలివిగా రాశాను. ఎవరి గుర్రం ముందొస్తే వాళ్ళు ముందు నెల ఎంచుకోవాలి. చివరిదాకా రాని గుర్రాలవాళ్ళు ఆ తరవాత. వాళ్ళలో కూడా, అందరికన్నా ముందు పడిపోయిన గుర్రం ఎవరిదో వాళ్ళకి ఆఖరి వంతు. మధ్యలో ఎవరైనా అత్యవసరమంటే ఆస్పత్రి కాగితం చూపించాల్సిందే. ఎంత న్యాయమైన పద్ధతి అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

మొదటి ఏడు అందరూ నోరు మూసుకుని చార్టు ప్రకారం వెళ్ళారు, ఒక్క బస్సు డ్రైవరు తప్ప. అతడిది నిర్మల్ దగ్గర పల్లె, నాకన్నా పదేళ్ళు పెద్ద. అతడికి డిసెంబర్ వచ్చింది. జూన్‌లో ఒక మంగళవారం పొద్దున నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. కల్లు గీసే వాళ్ళన్న తాటిచెట్టు మీంచి పడ్డాడట, వెంటనే పోవాలన్నాడు. నేను కాగితం అడిగాను. మరి ఏం చెయ్యను? ఈ పద్ధతి రాకముందు ఏడే ఒకడు బతికున్న మేనత్తను చంపి ఎమర్జెన్సీ లీవు తీసుకుని, ఇంటికి స్లాబు వేయించుకుని వచ్చాడు. "రూలు అందరికీ ఒకటే అన్నా, వాట్సాప్‌ల పెట్టించు" అన్నాను. కాగితం గురువారం వచ్చింది. అప్పటికి అన్న బుధవారమే పోయాడు. ఆ తరవాత అతడు నాతో మాట్లాడటం మానలేదు, కానీ అవసరమైన మాటకు మించి ఒక్కటీ మాట్లాడలేదు. నేనూ కదిలించలేదు.

రెండో ఏడు నా వంతు వచ్చింది. పెళ్ళైన ఆరేళ్ళకు నా భార్యకు కడుపు నిలిచింది. ఆ ఆరేళ్ళలో మా ఊళ్ళో, వాళ్ళ ఊళ్ళో ఎవరెవరు ఏమేం అన్నారో చెప్పుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. డాక్టరమ్మ మే నెల నడిమధ్య అని చెప్పింది. "ఎవలున్నా లేకున్నా నువ్వుండాలె" అని నా భార్య ఫోన్లో అంటే, "వస్త, ఒట్టు" అన్నాను. అన్నాక గుర్తొచ్చింది, మే నెల నా చేతిలో లేదని. ఒక గుర్రం కాళ్ళలో ఉంది.

సిగ్గు విడిచి మేనేజరు దగ్గరికి పోయి సంగతి చెప్పాను. ఆయన లేచి చెయ్యి కలిపి అభినందించాడు. సెలవు మాట ఎత్తేసరికి మాత్రం నవ్వు సర్దుకున్నాడు. ఈ ప్రాజెక్టు మొత్తంలో న్యాయంగా నడిచేది నీ పద్ధతి ఒక్కటే, దాన్ని నువ్వే చెడగొడతావా అన్నాడు. నా రూళ్ళు నాకే అప్పజెప్పాడు, కామాతో సహా. బయటికొచ్చి నా నోటిని నేనే తిట్టుకున్నాను.

గురువారం సేఫ్టీ హెల్మెట్‌లో చీటీలు పోసి తీయించారు. నా చేతికి అందరికన్నా మేటి గుర్రం వచ్చింది! దేశమంతా డబ్బు పెట్టిన గుర్రమది, ఐదుకు ఒకటి, అంటే గెలిస్తే రూపాయికి ఐదే ఇస్తారు. ఆనందంతో అక్కడే గెంతాను. పక్కన ప్లానింగ్ ఇంజనీరుగారికి అరవై ఆరుకు ఒకటి వచ్చింది, అంటే దాని మీద ఎవరికీ ఆశ లేదన్నమాట. డ్రైవరు తన చీటీ విప్పి కూడా చూడలేదు. మెడలో వేలాడే ఐడీ కార్డు కవర్లో దోపుకుని పోయాడు.

అక్కడితో నేను చేతులు కట్టుకుని కూర్చోవాల్సింది. శుక్రవారం ఆ ఇంజనీరుగారు భోజనానికి పిలిచారు. ఆయనది విజయవాడ వైపు, కుటుంబంతో ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఉంటారు. చిన్నప్పుడు మేనమామతో కలిసి హైదరాబాద్ రేసులు చూసినవారు, గుర్రాల గురించి చెప్పడం మొదలుపెడితే ఆపేవాళ్ళు లేరు. ముద్దపప్పు, ఆవకాయ వడ్డించిన విస్తరి ముందు కూర్చోబెట్టి చరిత్ర అందుకున్నారు.

"అది దాదాపు రెండు వందల ఏళ్ళ పందెం తమ్ముడూ. మేటి గుర్రానికి ఎక్కువ బరువు వేస్తారు, తెలుసా? అందుకే పేరున్నవి తరచూ చతికిలబడతాయి. ఓసారి రాజకుటుంబం వాళ్ళ గుర్రం ముందుంది. ఇంకొద్ది గజాలుంటే గెలుపు. చుట్టుపక్కల ఇంకో గుర్రం లేదు. ఉన్నపళాన బోర్లా పడిపోయింది! ఎందుకో ఇప్పటికీ ఎవరికీ తెలీదు."

"మరి గెలిచిందెవరు సార్?"

"వెనకది. ఇంకో ఏడు ఒక కంచె దగ్గర గుర్రాలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఎక్కడో చివర్న ఈడ్చుకుంటూ వస్తున్న గుర్రం, వందకు ఒకటి, సందులోంచి దూకి వెళ్ళిపోయి గెలిచింది. మరోసారి పరుగు మొదలెట్టడంలోనే గందరగోళమై, గుర్రాలు తిరిగొచ్చాక పందెమే చెల్లదన్నారు. చరిత్ర చదివినవాడెవడూ మేటి గుర్రాన్ని నమ్ముకోడయ్యా. నా చీటీ తీసుకో. నాకు ఏ నెలైనా ఒకటే, నీకు కావాల్సింది మే."

ఆయన మోసగాడైతే నాకు ఇప్పుడు తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికేవాడు. కాదు, మనస్ఫూర్తిగా నా మేలు కోరే చెప్పారు. నేనూ ఆవకాయ చేతితోనే చీటీ మార్చుకున్నాను. చదువుకున్నాయన, ఫోన్ నిండా లెక్కలున్నాయి, ఇంకేం కావాలి అనుకున్నాను. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

సాయంత్రం భార్యకు ఫోన్ చేసి గొప్పగా చెప్పాను.

"నిన్న మస్తు మంచి గుర్రమొచ్చింది అంటివి. ఇయ్యాల మార్చుకున్న అంటున్నవ్. ఏందది? నా కాన్పును గుర్రం మీద పెట్టినవా?"

"నేను పెట్టలే, రూలు గట్లున్నది."

"ఆ రూలు పెట్టినోడెవడు?"

ఇంతలో మా మామ ఫోన్ లాక్కుని, "దుబాయ్ల గుర్రాలను జూసి లీవిస్తరా అల్లుడా? గా గుర్రానికి గడ్డి మంచిగ పెట్టుమను" అన్నాడు. మా మామకు గల్ఫ్ ఎక్కడైనా దుబాయే. ఆయన వెక్కిరించాడో, నిజంగానే అన్నాడో ఈనాటికీ నాకు తెలియదు.

శనివారం డ్యూటీ దిగాక అందరం మీటింగ్ క్యాబిన్లో చేరాం. ఇంగ్లండులో సాయంత్రం నాలుగంటే మాకు ఆరు. మేనేజరు లాప్‌టాప్‌ని పెద్ద తెరకు కలిపాడు. నా గుర్రం మీద పసుపు చొక్కా రౌతు. మొదటి ఐదూ చక్కగా దూకింది. ఆరోది కందకం. మొట్టమొదటి పందెంలో ఒక కెప్టెన్ అందులో పడి నీళ్ళలో దాక్కున్నాడట, అప్పట్నుంచీ ఆ కంచెకు ఆయన పేరే. గెలిచినవాళ్ళ పేర్లు మర్చిపోతారు గానీ పడ్డవాడి పేరు మాత్రం పెట్టుకుంటారు, ఏం దేశమో! నా గుర్రం దాన్నీ దూకింది. పసుపు చొక్కా మాత్రం కందకంలో ఉంది.

మా పదకొండింటిలో మొదట పడ్డది నాదే. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ ఆ గుర్రం ఆగితేగా! మీద మనిషి లేకపోయినా మిగతావాటితో కలిసి పరిగెత్తింది. ఒక్క కంచె వదల్లేదు. రెండో చుట్టులో అదే కందకాన్ని మళ్ళీ దూకింది. ఆఖరి మలుపులో అన్నిటినీ దాటి ముందుకొచ్చింది. నేను బల్ల ఎక్కి "యల్లా! యల్లా! పద, పద!" అని గొంతు పోయేలా అరిచాను. గీత దాటిన మొదటి గుర్రం నాదే.

"సార్, నాదే ముందొచ్చింది!"

రౌతు లేని గుర్రం లెక్కలోకి రాదని మేనేజరు తల ఊపాడు.

"కంచెలు దూకింది గుర్రమా, ఆయనా సార్? ఆయన దూకింది ఒక్కటే, అదీ నేల మీదికి!"

క్యాబిన్ అంతా పగలబడి నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు. నిజంగానే కోపంతో అడిగాను. నేనిచ్చిన మేటి గుర్రం మూడో స్థానంలో వచ్చింది. ఇంజనీరుగారు నా ముఖం చూడలేక నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చున్నారు.

అప్పుడు డ్రైవరు తన ఐడీ కార్డు కవర్లోంచి చీటీ తీసి నా చేతికిచ్చాడు. అతడికి ఇంగ్లీషు చదవడం రాదు. "ఏం రాసున్నదో జెర సదువు తమ్మీ" అన్నాడు. విప్పి చూశాను. పందెం గెలిచిన గుర్రం. నేనే పైకి చదివాను. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఏ నెల రాయమంటవ్ అన్నా?"

"మే రాయి."

రాశాను. నా వేళ్ళతో నేనే టైపు చేశాను. అందరూ ఎంచుకున్నాక నాకు ఫిబ్రవరి మిగిలింది. అప్పటికి బిడ్డకు తొమ్మిది నెలలు నిండుతాయి.

బస్సులో మా క్యాంపు ఉన్న బర్వా అల్ బరాహా దాకా వెనక సీట్లో కూర్చున్నాను. క్యాంప్ గేటు దగ్గర అందరూ దిగారు. నేను దిగలేదు. డ్రైవరు ఇంజన్ ఆపి, అద్దంలోంచి నా వైపు చూశాడు. నేను లేచి ముందు సీట్లోకి వెళ్ళాను.

"అన్నా, నాకు మే గావాలె."

"ఎరుకే. ఆఫీసుల ఎవలకెరుక లేదు? ఇయ్యద్దనే తీస్కున్న."

అంత సూటిగా అంటాడనుకోలేదు. క్షమించమని అడగబోయాను. అతడు నా మాట పూర్తి కానివ్వలేదు. అరవలేదు, చార్టులో నెల చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"మా అన్న బుధవారం పొద్దుగాల దాంక మాట్లాడిండట. తమ్ముడేడి, తమ్ముడేడి అన్నడట. మంగళవారం రాత్రి ఫ్లయిట్ ఎక్కుతే అందుదును. నువ్వు కాయితం అన్నవ్. గుర్రం గెల్సిందని నువ్వు సదివినప్పుడు మస్తు సంతోషమైంది. ఇగ వీడు గూడ మొత్తుకోని అనుకున్న."

"నీ ఇష్టమన్నా. ఇయ్యకు. నాకు అడిగే మొఖం లేదు."

"బస్సు నడుపుకుంట ఆలోచన చేసిన. ఇయ్యకుంటె ఏమైతది? నన్ను తిడ్తవ్. తిట్టి తిట్టి రెండేండ్లకు మర్చిపోతవ్. నీ తప్పు నా తప్పు బరాబర్ అయిపోతది." తాళం చెవి తీసి జేబులో వేసుకున్నాడు. "పో. మే నెలల నువ్వే పో. నీ బిడ్డను ఎత్తుకున్నప్పుడల్లా నేను యాదికి రావాలె. మా అన్న యాదికి రావాలె. అందుకే ఇస్తున్న. మంచోన్నని ఇస్తలేను."

దిగి గదికి వెళ్ళిపోయాడు. వెనక్కి చూడలేదు.

మే నెలలో వెళ్ళాను. జగిత్యాల ఆస్పత్రిలో, కాన్పు గది తలుపు దగ్గర నర్సమ్మ గుడ్డలో చుట్టి పాపను నా చేతుల్లో పెట్టింది. మామ ఫోటో తీస్తూ నవ్వమన్నాడు. ఆ ఫోటో చూసిన ప్రతివాళ్ళూ, ఆరేళ్ళకు బిడ్డ పుడితే ఆ ముఖమేమిట్రా అట్లా పెట్టావు అంటారు. నా భార్య కూడా అడిగింది. ఆమెకు ఇప్పటిదాకా చెప్పలేదు.